పడుకోబోయే ముందు ఐదు నిమిషాలు

శ్రోతలందరికీ నమస్కారం. పగలంతా పనుల సందడిలో ఎక్కడో అణగి ఉన్న దిగులు, దీపం ఆర్పి పక్క మీదికి చేరగానే తలెత్తడం మనలో చాలామందికి అనుభవమే. కట్టవలసిన వాయిదా, రావలసిన పరీక్ష ఫలితం, పై అధికారి అన్న మాట ఒకదాని వెంట ఒకటి బారులు తీరుతాయి. గుండె వేగం పెరుగుతుంది, ఒళ్లు బిగుసుకుంటుంది. అటువంటి వేళ ‘ఏమీ ఆలోచించకుండా పడుకో’ అని ఇంట్లోవాళ్లు ఎంత ప్రేమగా చెప్పినా, అంత పనికిరాని సలహా మరొకటి లేదని నా అభిప్రాయం.

దానికి బదులు ఒక ప్రయోగం గురించి చెబుతాను. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయంలో మైఖేల్ స్కల్లిన్, ఆయన సహచరులు చేసిన ఈ ప్రయోగం 2018లో ప్రచురితమైంది. ఆరోగ్యంగా ఉన్న 57 మంది యువతీయువకులను ఒక రాత్రి నిద్ర ప్రయోగశాలలో పడుకోబెట్టారు. ఎవరికి ఎప్పుడు నిద్ర పట్టిందో వారి మాటను బట్టి కాక మెదడు తరంగాలను బట్టి తెలియడానికి తలకు తీగలు అమర్చారు. పడుకునే ముందు కాగితం, కలం ఇచ్చి ఐదు నిమిషాలు రాయమన్నారు. సగం మంది గడిచిన కొద్ది రోజుల్లో తాము ముగించిన పనులు రాశారు. తక్కిన సగం రాబోయే రోజుల్లో చేయవలసిన పనులు రాశారు. పదిన్నరకు దీపాలు ఆర్పారు. ముగిసిన పనులు తలచుకున్నవాళ్లకే హాయిగా నిద్ర పడుతుందని మనం అనుకుంటాం. చేయవలసిన పనులు రాసినవాళ్లే సగటున 9 నిమిషాలు ముందుగా నిద్రపోయారు! వాళ్లలోనూ ఎవరు ఎంత వివరంగా రాస్తే వారికి అంత త్వరగా నిద్ర పట్టింది. ఇది చిన్న ప్రయోగమే, తీవ్రమైన ఆందోళనకు ఇదే మందని ఎవరూ అనలేదు. అయినా, మరచిపోతానేమోనన్న భయంతో మనసు పదే పదే వల్లె వేసుకునే మాట ఒకసారి కాగితం మీదికి చేరితే, ఆ వల్లె వేసే పని తగ్గుతుందని అనుకోవచ్చు.

‘వివరంగా’ అన్న మాట మళ్లీ చెబుతున్నాను. ‘అమ్మాయి పెళ్లి పనులు’ అని రాస్తే దిగులు పెరుగుతుందే గాని తగ్గదు. ‘రేపు పది గంటలకు కల్యాణ మండపం వారికి ఫోను చేసి అడ్వాన్సు ఎంతో కనుక్కోవాలి, సాయంత్రం బావగారితో శుభలేఖల లెక్క చూడాలి’ అని రాయాలి. ఫోనులో వద్దు, కాగితం మీద రాయండి. ఫోను తెరిస్తే వాట్సాప్ వదలదు. నేనైతే పాత కరెంటు బిల్లు వెనుక రాస్తాను.

మన చేతిలో లేని దిగుళ్లు కూడా ఉంటాయి. వాటికోసం పగలే, రోజూ ఒకే వేళ, ఒకే చోట అరగంట కేటాయించుకుని, తక్కిన సమయంలో వచ్చిన ఆలోచనను ఆ వేళకు వాయిదా వేయమని అమెరికా మనస్తత్వవేత్త థామస్ బోర్కోవెక్ బృందం 1983లోనే సూచించింది. ఆ చోటు మాత్రం మంచం కాకూడదు. ఇవన్నీ చేసినా నిద్ర రాకపోతే గడియారం చూడకుండా లేచి, మసక వెలుతురులో కాసేపు కూర్చుని, కళ్లు మూతలు పడుతున్నప్పుడే మంచం ఎక్కండి. మెలకువగా దొర్లే చోటు కూడా మంచం కాకూడదు.

వారానికి మూడు రాత్రులకు తగ్గకుండా, మూడు నెలలుగా ఇదే స్థితి అయితే వైద్యుణ్ణి కలవండి. మందుల షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చుకోవద్దు. దీర్ఘకాలిక నిద్రలేమికి ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దే మానసిక చికిత్సనే మొదట ఇవ్వాలని అమెరికా వైద్యుల సంఘం 2016లో సిఫారసు చేసింది. మానసిక ఇబ్బందులకు ఫోనులో సాయం అందించేందుకు మన దేశంలో 2022 అక్టోబరులో మొదలైన ప్రభుత్వ సేవ టెలి మానస్, దాని నంబరు 14416. ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి, మీ ఇబ్బందిని తెలుగులోనే చెప్పుకోవచ్చు.