పనికిరాదని పక్కన పెట్టిన ప్లేటు

(గ్రంథాలయ వారోత్సవాల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న గ్రంథాలయ కమిటీ అధ్యక్షులు గారికి, కార్యదర్శి గారికి, లైబ్రేరియన్ అమ్మకి, ఇంత ఎండలోనూ కదలకుండా కూర్చున్న పిల్లలకి, వాళ్లు కదలకుండా చూస్తున్న టీచర్లకి నమస్కారం. ఎవరి పేరైనా వదిలేస్తే అలగొద్దు. నాకు ఇరవై నిమిషాలన్నారు. శాలువాలకే సగం అయిపోయింది కాబట్టి తిన్నగా ప్లూటో దగ్గరికి వెళ్లిపోతాను.

కార్యదర్శి గారు ఫోన్ చేసి, "మాస్టారూ, పిల్లలకి ఏదన్నా సైన్స్ చెప్పండి, రాకెట్లూ అవీ" అన్నారు. రాకెట్ల సంగతి పిల్లలకి నాకన్నా బాగా తెలుసు. నేను ప్లూటో చందమామల గురించి చెబుతానన్నాను. ఇది లైబ్రరీలో చెప్పాల్సిన కథే.

ప్లూటోని 1930 ఫిబ్రవరి 18న క్లైడ్ టాంబా అనే కుర్రాడు కనిపెట్టాడు. అమెరికాలో అరిజోనా రాష్ట్రం, ఫ్లాగ్‌స్టాఫ్ ఊళ్లో లోవెల్ అబ్జర్వేటరీ. అతనికి అప్పుడు 24 ఏళ్లు, కాలేజీ డిగ్రీ లేదు. వేర్వేరు రోజుల్లో ఆకాశాన్ని ఫొటో తీసిన గాజు ప్లేట్లు పోల్చి చూస్తూ, కదిలిన ఒక్క చుక్కని పట్టుకున్నాడు. ఆ తర్వాత 48 ఏళ్లపాటు దానికి చందమామ ఉందని ఎవరికీ తెలియదు.

1978 జూన్ 22. వాషింగ్టన్‌లోని అమెరికా నౌకాదళ అబ్జర్వేటరీలో జేమ్స్ క్రిస్టీ అనే ఆయన ప్లూటో కక్ష్య లెక్క సరిచేయడానికి ప్లేట్లు చూస్తున్నాడు. అవి తీసింది కూడా ఆ ఫ్లాగ్‌స్టాఫ్ ఊళ్లోనే. కొన్నింటిలో ప్లూటో గుండ్రంగా లేదు, ఒక పక్కకి బొడిపెలా ఉబ్బి ఉంది. ఆ ప్లేట్లని అప్పటికే లోపమున్నవని గుర్తుపెట్టి ఉంచారు. టెలిస్కోపు కదిలి ఉంటుందిలే అనుకున్నారన్నమాట.

పిల్లలూ, ఇక్కడ ఆగి ఆలోచించండి. గ్రూప్ ఫొటోలో ఒక్కడి ముఖమే సాగిపోయి, పక్కన నలభై మందీ బాగానే ఉంటే కెమెరా కదిలిందంటారా? అనరు కదా! ఆ ప్లేట్లలో పక్కనున్న నక్షత్రాలన్నీ గుండ్రంగానే ఉన్నాయి. క్రిస్టీకి తట్టింది అదే. వెంటనే బీరువాలో ఉన్న పాత ప్లేట్లు తీయించాడు. 1965లోవి, 1970లోవి. వాటిలోనూ బొడిపె ఉంది, ఒక్కోదాంట్లో ఒక్కో పక్కన. రాబర్ట్ హారింగ్టన్ అనే సహోద్యోగి లెక్క కడితే ఆ బొడిపె ప్లూటో చుట్టూ 6.4 రోజులకి ఒకసారి తిరుగుతోందని తేలింది. ప్లూటో వెలుగు ఎక్కువ తక్కువలయ్యే కాలం కూడా అంతేనని అంతకుముందే తెలుసు. రెండూ సరిపోయాయి. అదే షారన్. క్రిస్టీ భార్య పేరు షార్లీన్, ఆ పేరులోంచే దీన్ని తీశాడు. గ్రీకు పురాణంలో చనిపోయినవాళ్లని నది దాటించే పడవవాడి పేరు కూడా అదే కావడం ఆయన అదృష్టం.

చందమామ దొరికితే ఏమిటి లాభం అంటారా? గ్రహాన్ని తూకం వేయాలంటే దాని చుట్టూ తిరిగేది ఒకటి ఉండాలి. అది ఎంత దూరంలో ఎన్ని రోజులకి తిరుగుతుందో తెలిస్తే బరువు తెలిసిపోతుంది. షారన్ వల్లే ప్లూటో బరువు భూమిలో 500వ వంతే అని తేలింది. అంతకుముందు వేసిన పెద్ద పెద్ద అంచనాలన్నిటికీ నీళ్లొదిలారు.

ఇక బుల్లి చందమామలు. 2005 మే 15న, 18న హబుల్ టెలిస్కోపు ప్లూటోని ఫొటో తీసింది. ప్లూటో కన్నా 5,000 రెట్లు మసకగా రెండు చుక్కలు. జూన్‌లో మాక్స్ మచ్లర్ చూశాడు, ఆగస్టులో ఆండ్రూ స్టెఫ్ల్ తనంతట తాను మళ్లీ చూశాడు. హాల్ వీవర్, అలన్ స్టెర్న్ నడిపిన జట్టు అది. అవే నిక్స్, హైడ్రా. 2006లో ప్లూటోని దగ్గర్నుంచి చూడటానికి నాసా వాళ్ల న్యూ హొరైజన్స్ నౌక బయల్దేరాక ఇంకో బెంగ పట్టుకుంది. చిన్న చందమామల మీద రాళ్లు పడి దుమ్ము లేస్తే, సెకనుకి 14 కిలోమీటర్ల వేగంతో పోయే నౌకకి ఇసుకరేణువంత తగిలినా ప్రమాదమే. అందుకని మార్క్ షోవాల్టర్ బృందం ప్లూటో చుట్టూ వలయాలున్నాయేమోనని హబుల్‌తో ఎక్కువసేపు ఎక్స్‌పోజర్ ఇచ్చి వెతికింది. వలయాలు దొరకలేదు. వాటి బదులు ఇంకో రెండు చందమామలు, 2011లో కెర్బెరోస్, 2012లో స్టిక్స్ దొరికాయి. స్టిక్స్ పొడవు సుమారు 16 కిలోమీటర్లు. ఇక్కణ్నుంచి దాని దూరం సుమారు 500 కోట్ల కిలోమీటర్లు!

కెర్బెరోస్‌ని ప్రకటించేటప్పుడే నాసా వాళ్లు ఒక మాట అన్నారు. 2006 నాటి హబుల్ చిత్రాల్లోనే అది మసక మరకలా పడి ఉండవచ్చు, అప్పుడు గమనించలేదు అని. చూశారా, అక్కడ కూడా అదే కథ. బొమ్మ ఉంది, దాచారు, తర్వాత ఒకడు మళ్లీ తీసి చూశాడు.

ఇప్పుడు నా గోడు. కార్యదర్శి గారు గడియారం చూస్తున్నారు, చూడనివ్వండి.

నేను పనిచేసిన ఒక కాలేజీలో మాకు చిన్న ఖగోళ సంఘం ఉండేది. 1986లో హేలీ తోకచుక్క వచ్చిన ఏడాది మొదలుపెట్టాం. పిల్లలు రాత్రిళ్లు మేడమీద చాపలేసుకుని, వెలుగు మారే నక్షత్రాలని పక్క నక్షత్రాలతో పోల్చి అంచనా రాసేవారు. తేదీ, టైము, మబ్బు ఉందా లేదా, రాసినవాడి పేరు. మీరా నక్షత్రం మాయమై మళ్లీ రావడం ఆ పుస్తకాల్లో నెలలకి నెలలు ఉంది. నేను రిటైరయ్యాక గది ఖాళీ చేయించారు. కాలేజీలకి గ్రేడులిచ్చే నాక్ వాళ్లొస్తున్నారట, సున్నం వేయాలట. ఆ నోటుబుక్కులు ఏవని అడిగితే, "పాత కాగితాలే కద సార్, తూకానికి వేసేశాం" అన్నారు. ఎవరినీ తిట్టను. ఆ కుర్రాళ్లకి అదేమిటో చెప్పినవాళ్లు లేరు. కానీ ఆ ఫర్నిచరు మాత్రం జాగ్రత్తగా లెక్కపెట్టుకుని తీసుకెళ్లారు!

మన హైదరాబాద్ సంగతి వినండి. నిజామియా అబ్జర్వేటరీ గత శతాబ్దం మొదట్లో ఆకాశాన్నంతా ఫొటో తీసే అంతర్జాతీయ పనిలో చేరింది. దక్షిణ ఆకాశంలో 17 నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ మనకి వచ్చింది. చాట్‌వుడ్, పోకాక్, తర్వాత భాస్కరన్ గారి హయాంలో గాజు ప్లేట్ల మీద ఒక్కో చుక్కనీ చేత్తో కొలిచారు. ఏడున్నర లక్షలకి పైగా నక్షత్రాల స్థానాలు, 12 సంపుటాలు. ముద్రించి బీరువాల్లో పెట్టారు. వాటికి అక్కర ఎప్పుడొచ్చిందో తెలుసా? 1990లలో. హిప్పార్కస్ ఉపగ్రహం నక్షత్రాలు ఇప్పుడెక్కడున్నాయో చెప్పింది. అవి ఎంత జరిగాయో తెలియాలంటే అప్పుడెక్కడున్నాయో కావాలి కదా. అది ప్రపంచమంతా కలిసి కొలిచిన ఆ పాత సంపుటాల్లో ఉంది, మన హైదరాబాద్ పట్టీతో సహా. వాటన్నిటినీ కంప్యూటర్‌లోకి ఎక్కించి ఒకటిగా చేసింది ఎవరనుకున్నారు? క్రిస్టీ పనిచేసిన ఆ నౌకాదళ అబ్జర్వేటరీయే. దాంతో 25 లక్షల నక్షత్రాల పట్టిక 2000లో వచ్చింది. బేగంపేటలో కన్ను పొడుచుకుని కొలిచినవాళ్లకి ఇదేమీ తెలియదు. వాళ్లకి తెలిసింది తేదీ సరిగ్గా రాయడం.

మళ్లీ ప్లూటోకి వస్తాను, లేకపోతే పిల్లలు మోసం అంటారు. 2015 జూలై 14న న్యూ హొరైజన్స్ దగ్గరగా వెళ్లి చూసింది. కొత్త చందమామలు ఇంకా బోలెడు కనిపిస్తాయని ఆశపడ్డారు, ఒక్కటీ కనిపించలేదు. కెర్బెరోస్ బొగ్గులా నల్లగా, బరువుగా ఉంటుందని కొందరు లెక్కేస్తే, అది తెల్లగా, చిన్నగా, రెండు ముద్దలు అంటుకున్నట్టు కనబడింది. హైడ్రా అయితే పది గంటలకొక చుట్టు గిర్రున తిరుగుతోంది. ఎందుకంత వేగమో మీలో ఎవరైనా చెప్పాలి.

గంట కొట్టారు. సరే, ఇక కమిటీ వారికి ఒక్క విన్నపం. పై గదిలో రెండు బీరువాల నిండా పాత పత్రికలు, ఊరి వర్షపాతం రాసిన రిజిస్టర్లు ఉన్నాయి. అవి ఈ నెలాఖరుకి తీసేస్తారని విన్నాను. చెదలు పట్టినవి తీసేయండి, కాదనను. మిగతావి కాటా ఎక్కించే ముందు నాకు ఒక ఫోన్ చేయండి. కిలోకి వాళ్లు ఎంతిస్తారో దానికి రూపాయి కలిపి నేనే ఇస్తాను, ఆటో కూడా నేనే తెచ్చుకుంటాను.

ప్రశ్నలుంటే అడగండి. ఆ చివర నీలం చొక్కా బాబూ, ఇందాకటి నుంచి చెయ్యి ఎత్తే ఉన్నావు, ముందు నువ్వు.