కండ్ల గోలీలు ఎవరికి, ఆకుకూర ఎవరికి?

శ్రోతలకు నమస్కారం.

పోయిన దసరాకు మా వీధి చివరింటి పెద్దమ్మ కొంగులో ఒక డబ్బా చుట్టుకుని మా ఇంటికి వచ్చింది. హైదరాబాదులో ఉద్యోగం చేసే కొడుకు పండుగకు వస్తూ తెచ్చాడట. డబ్బా మీద పెద్ద కన్ను బొమ్మ, పక్కన ఒక క్యారెట్. "సారూ, ఇవి కండ్ల గోలీలంట. దినాం రెండు మింగుమన్నడు మా కొడుకు. నాకు పనికొస్తయా సూడు" అంది. నేను దేవరకొండ, అచ్చంపేట వైపు సర్కారు దవాఖానాల్లో ముప్పై ఏళ్ళు కంటి పరీక్షలు చేసి రిటైరయ్యాను. ఊళ్ళో నేనింకా కండ్ల సారునే.

డబ్బా పక్కన పెట్టి, "ముందు నీకేం తేడా కొట్టిందో చెప్పు" అన్నాను. "బియ్యంల రాళ్ళు కనవడ్తలేవు సారు. అద్దాలు మార్చినా గంతే. మనిషి ఎదురొస్తుంటే చీర రంగు తెలుస్తది, మొఖం తెల్వది" అంది. కాసేపాగి, ఇది చెప్పాల్సిన సంగతేనా అన్నట్టు, "కిటికీ ఊచలు నడుమల వంగినట్టు కొడ్తున్నయ్" అంది.

ఆ ఊచల మాట దగ్గర నేను ఆగిపోయాను. మోతిబిందు, అంటే కంటి శుక్లం అయితే చూపంతా పొగ కమ్మినట్టు అవుతుంది గానీ, ఊచలు వంగవు. నిటారుగా ఉన్న గీత వంకరగా కనిపించిందంటే తేడా కంటి లోపలి పొర రెటీనాలో, సరిగ్గా దాని నడిమధ్యన ఉంది. ఆ చోటును బడి పుస్తకాల్లో పచ్చచుక్క అని చదివాం. డాక్టర్లు మాక్యులా అంటారు. కందిగింజంత ఉంటుంది. సూదిలో దారం ఎక్కించడం, అక్షరం చదవడం, మనవడి మొఖం గుర్తుపట్టడం, అన్నీ ఆ కందిగింజంత చోటు చేసే పనులే. యాభై దాటాక, ముఖ్యంగా అరవై డెబ్భైలలో, కొందరికి అది అరిగిపోవడం మొదలవుతుంది. పొర కింద పసుపు రంగు మడ్డి చుక్కలు చుక్కలుగా పేరుకుంటుంది. దాన్ని డ్రూసెన్ అంటారు. చాలామందిలో ఇది మెల్లగా సాగే పొడి రకం. కొందరిలో పొర కింద కొత్త రక్తనాళాలు పుట్టుకొచ్చి, కారి, చూపును వారాల్లో దెబ్బతీస్తాయి. అది తడి రకం. పక్కచూపు మిగులుతుంది కాబట్టి మనిషి నడుస్తుంది, పశువును కట్టేస్తుంది. అందుకే ఇంట్లోవాళ్ళకు త్వరగా తెలియదు. ముసలితనం అనుకుని ఊరుకుంటారు.

మన దగ్గర ఇది ఎంతమందికి ఉందంటారా? 1990ల చివర్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగిన ఒక పెద్ద కంటి సర్వేలో మన మహబూబ్‌నగర్ జిల్లా పల్లెలు కూడా ఉన్నాయి. నలభై దాటినవాళ్ళలో నూటికి ఇద్దరికి కాస్త తక్కువగా ఈ జబ్బు కనిపించింది. చుట్ట తాగినవాళ్ళలో ఎక్కువగా ఉందని కూడా అందులోనే తేలింది. ఇక్కడ నల్లగొండ శ్రోతలకు ఒక మాట. మనకు ఏ రోగమొచ్చినా ఫ్లోరైడ్ నీళ్ళ మీదికి నెట్టడం అలవాటు. పళ్ళకు, ఎముకలకు ఆ నీళ్ళు చేసిన చెరుపు నిజమే. పచ్చచుక్క అరగడానికి మాత్రం అవి కారణమని ఎక్కడా తేలలేదు. వయసు, వంశం, పొగ. ఈ మూడింటిలో మన చేతిలో ఉన్నది చివరిదొక్కటే.

ఇప్పుడు డబ్బా సంగతికి వస్తాను. ఈ గోలీలు ఉత్త మోసం అనేవాళ్ళున్నారు, అమృతం అనేవాళ్ళున్నారు. రెండూ తప్పే. అమెరికా ప్రభుత్వ నేత్ర పరిశోధన సంస్థ 3,640 మందిని సగటున ఆరేళ్ళకు పైగా గమనించి 2001లో ఫలితం చెప్పింది. రోజుకు విటమిన్ సి 500 మిల్లీగ్రాములు, విటమిన్ ఇ 400 యూనిట్లు, క్యారెట్‌కు రంగునిచ్చే బీటా కెరోటిన్ 15 మిల్లీగ్రాములు, జింకు 80 మిల్లీగ్రాములు, దానికి తోడు 2 మిల్లీగ్రాముల రాగి. రాగి ఎందుకంటే, అంత జింకు మింగితే ఒంట్లో రాగి తగ్గి రక్తహీనత రావచ్చు. జబ్బు మధ్య దశకు చేరినవాళ్ళలో, లేదా ఒక కన్ను ఇప్పటికే పాడైనవాళ్ళలో, ఐదేళ్ళలో జబ్బు ముదిరింది మందు లేని ఉత్త గోలీ మింగిన నూరు మందిలో 28 మందికి. ఈ మందు గోలీ మింగినవాళ్ళలో 20 మందికి. అంటే నూటికి ఎనిమిది మందికి జబ్బు అంతకాలం ముదరకుండా ఆగింది. అది చిన్న సంగతి కాదు. కానీ పోయిన చూపు ఒక్కరికీ తిరిగి రాలేదు. జబ్బు అప్పుడే మొదలైనవాళ్ళకు, అసలు లేనివాళ్ళకు ఈ గోలీలతో లాభం కనిపించలేదు. మోతిబిందును కూడా ఇవి ఆపలేదు.

అదే సంస్థ 2013లో ఇంకో పరీక్ష ఫలితం చెప్పింది. చేపనూనె గోలీ కలిపి చూశారు, అదనంగా ఒరిగిందేమీ లేదు. కొందరికి బీటా కెరోటిన్ తీసేసి దాని బదులు తిండిలో దొరికే రంగు పదార్థాలు ల్యూటిన్ 10 మిల్లీగ్రాములు, జియాజాంథిన్ 2 మిల్లీగ్రాములు వేశారు. అది నిలబడింది. ఎందుకు తీసేశారన్నది మనం చెవిన వేసుకోవాలి. 1994లో ఫిన్లాండ్‌లో సిగరెట్ తాగే 29 వేల మందికి పైగా మగవాళ్ళ మీద చేసిన పరీక్షలో బీటా కెరోటిన్ గోలీ మింగినవాళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. ఈ కంటి పరీక్షలో ఉన్నవాళ్ళను పదేళ్ళు గమనించి 2022లో లెక్క తీసినప్పుడు కూడా, ఆ గోలీ మింగినవాళ్ళలో ఆ క్యాన్సర్ దాదాపు రెట్టింపు ఉంది. ఎప్పుడో తాగి మానేసినవాళ్ళకూ ఆ ముప్పు తప్పలేదు. క్యారెట్ కూర తింటే భయం లేదు. భయమంతా గోలీలో కుక్కిపెట్టిన ఆ మోతాదుతోనే.

పెద్దమ్మ డబ్బా వెనక చిన్న అక్షరాలు చదివాను. బీటా కెరోటిన్ ఉంది. ల్యూటిన్ ఉంది గానీ పరీక్షలో వాడినదాంట్లో సగం కూడా లేదు. "ఇప్పటికి ఎన్ని మింగినవ్?" అంటే, "నేను ఒకటే మింగుతున్న సారు. రెండోది మా ఆయనకిస్తున్న. ఆయనకూ కండ్లే కదా!" అంది. ఆయన సంగతి ఊరందరికీ తెలుసు. పొద్దున లేచింది మొదలు నోట్లో చుట్ట ఉండాల్సిందే.

అందుకే కండ్ల గోలీ ఎవరు మింగాలన్నది, కంటిపాప వెడల్పు చేసే చుక్కలు వేసి కంటి లోపల చూసిన డాక్టరే చెప్పాలి. మెడికల్ షాపులో అడిగి కొనే వస్తువు కాదిది. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకు విటమిన్ ఇ ఎక్కువ మోతాదు ఇబ్బంది. ఎనభై మిల్లీగ్రాముల జింకు మనిషికి రోజూ కావాల్సిన దానికి చాలా రెట్లు, కొందరికి కడుపులో తిప్పుతుంది. పొగతాగేవాళ్ళు, మానేసినవాళ్ళు బీటా కెరోటిన్ లేనిదే అడగాలి.

తిండి మాటకొస్తే నాకు చెప్పాల్సింది చాలా ఉంది.

పచ్చచుక్కకు ఆ పసుపు రంగు ఎక్కడిదనుకున్నారు? ల్యూటిన్, జియాజాంథిన్‌లదే. ఒళ్ళు వాటిని తయారు చేసుకోలేదు. తిన్న తిండిలోంచే పోయి అక్కడ కూర్చుంటాయి. ఎండలో గొడుగు పట్టినట్టు నీలి వెలుగును కొంత ఆపుతాయి. విచిత్రమేమిటంటే ఈ పసుపు రంగు ఎక్కువగా ఉండేది ఆకుపచ్చటి ఆకుల్లో, ఆకుపచ్చదనం వెనక దాక్కుని. వంద గ్రాముల పాలకూరలో పది మిల్లీగ్రాములకు పైనే ఉంటుంది. అంటే గోలీలో ఉన్నంత. తోటకూర, మెంతికూర, మునగాకు, పొన్నగంటి అన్నీ ఆ వరుసవే. పొన్నగంటి కండ్లకు మంచిదని మా అమ్మమ్మ చెప్తే నవ్వేవాణ్ణి. ఆమెకు ల్యూటిన్ పేరు తెలియదు, అంతే తేడా. పసుపు మక్కల్లో జియాజాంథిన్ ఉంటుంది. ఒకప్పుడు మనోళ్ళు పేదరికంతో తాగిన మక్క గట్కను ఇప్పుడు మళ్ళీ వెతుక్కోవాల్సి వస్తోంది. గుడ్డు పచ్చసొనలో తక్కువే గానీ, కొవ్వుతో కలిసి ఉంటుంది కాబట్టి ఒంటికి బాగా పడుతుంది. ఇందులో ఒక కిటుకుంది. ఈ రంగు నూనెలోనే కరుగుతుంది. ఉత్త నీళ్ళలో ఉడికించి తింటే ఒంటికి సరిగ్గా పట్టదు. మన ఆకుకూర పప్పు మీద వేసే తాలింపు నాలుకకే కాదు, కంటికీ పనిచేస్తుంది. ఆ పప్పు జొన్న రొట్టెలో పెట్టుకుని, పక్కన పాలమూరు పల్లీల పొడి వేసుకున్నారనుకోండి, విటమిన్ ఇ కూడా వచ్చేసింది. సి విటమిన్‌కు నల్లగొండ బత్తాయి ఉండనే ఉంది, జామకాయ దానికంటే ఎక్కువ. చేపనూనె గోలీ పనిచేయలేదన్నాను గానీ, చేపలు తినేవాళ్ళలో ఈ జబ్బు తక్కువని చాలా చోట్ల చూశారు. చెరువులో రవ్వ, బొచ్చె పడినప్పుడు వదలకండి.

ఒక నిజం చెప్పుకోవాలి. గోలీలను పరీక్షించినంత గట్టిగా తిండిని పరీక్షించలేదు. ఎవరేం తిన్నారో రాసుకుని, ఏళ్ళ తరబడి గమనించి చెప్పిన మాటలివి. అయినా ఆకుకూర తిని చెడినవాళ్ళు లేరు, రెండు మినహాయింపులతో. గుండె కవాటాలు మార్చుకుని, రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ లాంటి మందు వాడేవాళ్ళు, కిడ్నీ జబ్బున్నవాళ్ళు ఆకుకూర పెంచాలన్నా తగ్గించాలన్నా డాక్టరుకు చెప్పే చేయాలి.

నాకు అసలు కోపం వేరే దాని మీద. మన ఇళ్ళల్లో గుడ్డు పిల్లలకు, కూర మగవాళ్ళకు, చివరికి మిగిలిన మెతుకుల్లో తొక్కు కలుపుకునేది ముసలామె. డెబ్భై ఏళ్ళ ఆమెకు "నువ్వేం తింటవమ్మా" అని అడిగేవాళ్ళు లేరు. కండ్లు మసకబారాక మాత్రం హైదరాబాదు నుంచి డబ్బాలొస్తాయి.

ఇంట్లో మీరే చేసుకోగల పరీక్ష ఒకటుంది. గోడ క్యాలెండర్‌లో తేదీల గడులుంటాయి కదా. చదివే అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి, నడిమి తేదీని చూడండి. తర్వాత రెండో కన్ను. చుట్టూ గీతలు వంగినా, ఒక గడి మాయమైనా, మసక మచ్చ కనిపించినా, వచ్చే నెల అనకండి, అదే వారం రెటీనా డాక్టరును చూడండి. ఒక్కో కన్నుతో విడివిడిగా చూడటం ముఖ్యం. రెండూ తెరిచి చూస్తే మంచి కన్ను చెడ్డకంటి తప్పును దాచేస్తుంది.

పెద్దమ్మ కొడుకుకు ఆ రాత్రే ఫోన్ చేశాను. మూడో రోజు హైదరాబాదు తీసుకెళ్ళాడు. కుడికన్ను తడి రకం. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు, ఇప్పటికి నాలుగయ్యాయి. ఊచలు కొంచెం సర్దుకున్నాయట, మొఖాలు ఇంకా పూర్తిగా రాలేదు. ఎడమకన్ను మధ్య దశలో ఉంది. దాని కోసం డాక్టరే గోలీలు రాశాడు, బీటా కెరోటిన్ లేనివి. పెరట్లో తోటకూర విత్తనాలు చల్లింది. రోజూ పొద్దున్నే క్యాలెండర్ ముందు ఒక కన్ను మూసుకుని నిలబడుతుంటే, ముహూర్తం చూస్తోందనుకుని కోడలు నవ్వుతుందట.

పెద్దాయనకు గోలీ బంద్. చుట్ట మాత్రం బంద్ కాలేదు. వాకిట్లోంచి దొడ్లోకి మారింది.

నమస్కారం.