చిన్నపిల్లలతో వైజాగ్ బీచ్ హాలిడే, తక్కువ ఖర్చులో ఎలా ప్లాన్ చేశామంటే

హాయ్ అండీ, అందరూ బాగున్నారా. ఈసారి ఇండియా వస్తున్నాం అనగానే యూకేలో ఫ్రెండ్స్ అందరూ అడిగింది ఒకటే, గోవా వెళ్తున్నారా లేకపోతే వచ్చేటప్పుడు మధ్యలో మాల్దీవులు ఏమైనా ఆగుతున్నారా అని. లేదండీ, వైజాగ్. అది కూడా రిసార్ట్ కాదు, ఎంవీపీ కాలనీలో వంటగది ఉన్న ఒక చిన్న సర్వీస్ అపార్ట్‌మెంట్. ఆరేళ్ళ అబ్బాయి, ఇంకా రెండు నిండని పాప, మేమిద్దరం, మా అమ్మ. ఎందుకలా అనేది వివరంగా చెప్తా, చిన్నపిల్లలున్న వాళ్ళకి పనికొస్తుంది.

ముందు యూకే సంగతి. అక్కడ స్కూల్ సెలవులు వచ్చాయంటే చాలు సముద్రం పక్కన కారవాన్ (చక్రాల మీద ఉండే చిన్న ఇల్లు) అద్దె కూడా చుక్కలు చూపిస్తుంది. పోనీ స్కూల్ ఉన్నప్పుడు ఒక వారం మానిపించి తీసుకెళ్దామా అంటే ఇంగ్లండ్‌లో 2024 ఆగస్టు నుంచి ఫైన్ 80 పౌండ్లు, అది కూడా పిల్లాడికి ఒకటి అని కాదు, తల్లికి వేరే తండ్రికి వేరే, 21 రోజుల్లో కట్టకపోతే 160. ఇంతా చేసి అక్కడి బోర్న్‌మత్ బీచ్‌కి వెళ్తే నడి వేసవిలో కూడా నీళ్ళల్లో కాలు పెట్టగానే మావాడు కెవ్వుమంటాడు. అందుకని సముద్రం సరదా ఏదో ఇంటికి వచ్చినప్పుడే తీర్చేద్దాం అనుకున్నాం. డిసెంబర్ టికెట్లు మండిపోతాయి, కాదనను, కానీ అది అమ్మానాన్నల్ని చూడ్డానికి ఎలాగూ పెట్టే ఖర్చు, దాన్ని నేను హాలిడే ఖాతాలో రాయను. పైగా పాపకి రెండో పుట్టినరోజు దాటితే విమానంలో విడిగా సీటు కొనాల్సిందే, ఈ లోపే ఒళ్ళో కూర్చోబెట్టుకుని వచ్చేశాం.

మాది రాజమండ్రి. రత్నాచల్ రైలు ఎక్కామంటే చెకోడీలు తింటూ మధ్యాహ్నానికల్లా వైజాగ్‌లో ఉంటాం. గోవా అంటే మళ్ళీ హైదరాబాద్ వెళ్ళాలి, మళ్ళీ ఫ్లైటు, మళ్ళీ అక్కడ టాక్సీ, క్రిస్మస్ టైమ్‌లో రూములు అడగనే అక్కర్లేదు. అయినా ఇద్దరు పిల్లల్ని వేసుకుని గోవాలో మేము చేసేదేముందండీ, రాత్రి ఎనిమిదింటికి లైట్లు ఆపేసి జో కొట్టడమేగా.

ఇంకో మాట, యూకే నుంచి దిగిన వెంటనే మాత్రం బీచ్ ట్రిప్ పెట్టుకోకండి. చలికాలంలో అయిదున్నర గంటలు తేడా కదా, ఇక్కడ పొద్దున్న ఏడంటే పిల్లల ఒంటికి అర్ధరాత్రి ఒకటిన్నర. రాత్రి రెండింటిదాకా గంతులేసి మధ్యాహ్నం పన్నెండింటికి లేస్తారు, అప్పుడు ఎండలో బీచ్‌కి ఏం తీసుకెళ్తాం. ఆ మొదటి వారం ఏదో అమ్మమ్మ ఇంట్లో అయిపోనివ్వండి, రూమ్ అద్దె అయినా మిగులుతుంది.

ఇక అసలు విషయం, రూమ్. మా ఆయనకి ఏంటంటే బాల్కనీలోంచి సముద్రం కనపడాలి, ఋషికొండ దాటాక భీమిలి వైపు ఫోటోల్లో భలే ఉన్నవి చూపించాడు. నేనేమో చిన్నపిల్లలతో చూడాల్సింది సముద్రం వ్యూ కాదు, ఇసుకలోంచి పాపని ఎత్తుకుంటే ఎన్ని నిమిషాల్లో మంచం మీద పడుకోబెట్టగలం అనేది అన్నాను. ఎందుకంటే వీళ్ళతో రోజుకి బీచ్ రెండు సార్లే, పొద్దున్న ఎండెక్కకముందు గంటన్నర, సాయంత్రం ఒక రెండు గంటలు, మధ్యలో అంతా స్నానం, అన్నం, నిద్ర. రిసార్ట్ దూరంగా ఉంటే పెరుగు ప్యాకెట్‌కి కూడా క్యాబ్, లేదంటే వాళ్ళ రెస్టారెంట్‌లో ప్లేటు ఇడ్లీకి వాళ్ళు చెప్పిందే రేటు. ఎంవీపీలో అయితే రైతు బజార్ ఉంది, మందుల షాపులు ఉన్నాయి, లాసన్స్ బే బీచ్‌కి ఆటోలో ఇలా ఎక్కి అలా దిగడమే. సముద్రం కనపడని రూమ్ కాబట్టి రేటు కూడా వ్యూ ఉన్నదాంట్లో సగం లోపే పడింది. 7500 లోపు రూములకి 2025 సెప్టెంబర్ నుంచి జీఎస్టీ 12 శాతం నుంచి 5కి తగ్గింది, బిల్లులో అది చూసుకోండి. పిల్లలవి బ్రిటిష్ పాస్‌పోర్టులైతే వాటి కాపీలు, ఓసీఐ కార్డుల (విదేశీ పౌరసత్వం ఉన్న మన సంతతి వాళ్ళకి ఇండియా ఇచ్చేవి) కాపీలు ముందే తీసి ఉంచుకోండి, చెక్ఇన్‌లో అడుగుతారు, ఆ టైమ్‌లో ఏడుస్తున్న పిల్లని ఎత్తుకుని ఫోన్‌లో వెతుక్కోవడం ఎంత నరకమో మీకు చెప్పక్కర్లేదు.

ఇప్పుడు సముద్రం. ఇది జాగ్రత్తగా వినండి. వైజాగ్ సముద్రం చూడ్డానికి, పక్కన కూర్చోడానికి, ఇసుకలో ఆడుకోడానికి, అంతే. ఆర్కే బీచ్‌లో దిగొద్దని బోర్డులు ఊరికే పెట్టలేదు, ప్రతి ఏడాదీ ప్రాణాలు పోతూనే ఉంటాయి. అలలు తెచ్చిన నీళ్ళు మళ్ళీ లోపలికి పోవాలి కదా, అవి సన్నగా ఒక దారి చేసుకుని జోరుగా వెనక్కి వెళ్తాయి, ఆ దారి మీద అల సరిగ్గా విరగదు, అందుకే పక్క చోట్ల కంటే నిమ్మళంగా, రంగు కాస్త ముదురుగా కనిపిస్తుంది, మనమేమో ఆహా ఇక్కడ అలల్లేవు పిల్లల్ని ఇక్కడే దింపుదాం అనుకుంటాం. జోడుగుళ్ళపాలెం వైపు నడుస్తుంటే మా ఆయన సరిగ్గా అలాంటి చోటే చూసి ప్యాంటు మడుస్తున్నాడు, వల సర్దుకుంటున్న పెద్దాయన ఒకాయన తల కూడా ఎత్తకుండా "అక్కడొద్దు బాబూ, లాగేత్తాది" అన్నాడు. మా ఆయన మడిచింది మళ్ళీ కిందకి దించుకున్నాడు.

మరి నీళ్ళల్లోకి దిగకపోతే పిల్లలకి సరదా ఏముంటుంది అంటారా, అదేం లేదండీ. అల వచ్చి వెళ్ళిన చోటుకి బాగా పైన, తడి ఇసుకలో గొయ్యి తవ్వి దాంట్లో బకెట్‌తో నీళ్ళు పోసి ఇచ్చామంటే పాపకి అదే సముద్రం. పొద్దున్నే వెళ్తే చిన్న చిన్న పీతలు బొరియల్లోంచి ఇసుక ఉండలు బయటికి విసురుతుంటాయి, మనం అడుగు వేయగానే అన్నీ ఒక్కసారి మాయం, అడుగు ఆపి గుక్క బిగబట్టి నిలబడితే ఒక్కొక్కటి కళ్ళు పైకి పెట్టి చూస్తుంది. యూకేలో రీడింగ్ అనే ఊళ్ళో సాఫ్ట్ ప్లేకి (పిల్లలు మెత్తల మీద ఆడుకునే చోటు) డబ్బు కట్టినా పది నిమిషాల్లో బోర్ అనే మావాడు అక్కడ అలా బొమ్మలా నిలబడిపోయాడు. బొమ్మల సెట్ ఏమీ కొనలేదు, రూమ్‌లో ఉన్న మగ్గు, అమ్మ తెచ్చిన పాత స్టీలు గరిటె.

కాళ్ళు తడుపుకోవాలి, స్నానం చేయించడానికి షవర్ కావాలి, బట్టలు మార్చడానికి గది కావాలి అంటే ఋషికొండ బెటర్. 2020లో బ్లూ ఫ్లాగ్, అంటే శుభ్రమైన బీచ్‌లకిచ్చే అంతర్జాతీయ గుర్తింపు, వచ్చిన బీచ్ అది, లైఫ్‌గార్డులు ఉంటారు. కానీ శని ఆదివారాలు మాత్రం వద్దు, జనం తిరునాళ్ళలా ఉంటారు. అసలు డిసెంబర్‌లో అరకు వెళ్ళేవాళ్ళంతా వైజాగ్ మీదుగానే కాబట్టి వీకెండ్ రూమ్ రేట్లు కూడా పెరుగుతాయి, మేము ఆదివారం వచ్చి గురువారం వెళ్ళేలా పెట్టుకున్నాం.

సాయంత్రం అయితే ఆర్కే బీచే. కురుసుర సబ్‌మెరైన్ చూపించకుండా రాకండి. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరైంది, 2002 నుంచి ఇలా ఒడ్డు మీద మ్యూజియం. లోపల మనకి గైడ్‌గా చెప్పేవాళ్ళు కూడా నేవీలో చేసి రిటైరైన వాళ్ళే, అందుకే ఆ చెప్పడం బట్టీ పట్టినట్టు ఉండదు. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి గుండ్రటి కంతలోంచి వంగి దూరాలి, పిల్లలకి అదే పెద్ద ఆట, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళకి మాత్రం కష్టం, అమ్మ బయటే కూర్చుంది. స్ట్రోలర్ తీసుకెళ్ళి లాభం లేదు, పాపని చంకనేసుకోవాల్సిందే. రోడ్డుకి అటు పక్క నేవీ వాడిన టీయూ 142 విమానం మ్యూజియంగా ఉంది, 2017లో పెట్టారు, అది విశాలంగా ఉంటుంది.

బయటికి రాగానే మురీ మిక్చర్. అమ్మేవాళ్ళ చెయ్యి చూడండి ఒకసారి, డబ్బాలో మరమరాలు, వేరుశనగ గుళ్ళు, సన్నగా తరిగిన ఉల్లిపాయ, టమాటా, కొత్తిమీర, పైన నిమ్మకాయ పిండి గరిటెతో టకటకా కలిపేస్తారు, ఆ చప్పుడుకే నోరూరుతుంది. పిల్లలకి కారం లేకుండా అని ముందే చెప్పాలి, కలపడం మొదలెట్టాక చెప్తే లాభం లేదు. మావాడు కారం లేనిది తిని మా పొట్లాం వైపు చూసి, ఒక్కటి పెట్టమని, పెట్టాక కళ్ళనిండా నీళ్ళు, అయినా ఇంకొకటి అని. గుర్రం ఎక్కాలని కూడా గొడవ చేశాడు, ఎక్కించాం, బేరం మాత్రం పిల్లాడు ఎక్కకముందే ఆడండి.

అందరూ అరకు వెళ్ళలేదా అంటున్నారు. 58 సొరంగాలు, ట్రైన్ ప్రయాణం, అంతా నిజమే, కానీ పాపతో రోజంతా అంటే నా వల్ల కాదు, వీళ్ళు పెద్దయ్యాక చూద్దాం. యారాడ బీచ్ చాలా అందంగా ఉంటుంది, ఆ ఘాట్ రోడ్డు, ఆ అలలు ఇద్దరు చిన్నపిల్లలతో వద్దు. కైలాసగిరి ఒక పూట చాలు, రోప్‌వే ఎక్కి పైన టాయ్ ట్రైన్ ఒక రౌండ్ వేసి దిగిపోయాం.

జూ, సబ్‌మెరైన్ రెండింటికీ సోమవారం సెలవు, కాబట్టి సోమవారం భీమిలికి పెట్టుకున్నాం. క్యాబ్ బుక్ చేయబోతుంటే అమ్మ ఆపింది, "బస్సుండగా కారెందుకే, నాకు టికెట్టే లేదు" అని. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రాలో ఆడవాళ్ళకి సిటీ బస్సుల్లో ఫ్రీ కదా. 900 కే నంబర్ బస్సు ఎక్కాం. అమ్మ ఆధార్, నా ఆధార్ చూపించాం, కండక్టర్ రెండు జీరో టికెట్లు కొట్టిచ్చాడు, పాపకి అయిదేళ్ళ లోపు కాబట్టి లేదు, పెద్దోడికి అరటికెట్, ఫుల్ టికెట్ పడింది మా ఆయన ఒక్కడికే. వెళ్ళేటప్పుడు కుడివైపు కిటికీ పట్టుకోండి, సాగర్ నగర్, ఋషికొండ, మంగమారిపేట దాటి భీమిలి దాకా సముద్రం కనిపిస్తూ మాయమవుతూ పక్కనే వస్తుంది. బాల్కనీ వ్యూ అడిగావుగా ఇదిగో అన్నాను మా ఆయనతో. భీమిలిలో డచ్చివాళ్ళ సమాధులు, గోస్తని సముద్రంలో కలిసే చోటు చూసి, ఒక హోటల్లో చేప వేపుడుతో భోంచేసి, ఎండ ఎక్కువ కాకముందే మళ్ళీ అదే నంబర్ బస్సు ఎక్కేశాం, పిల్లలిద్దరూ ఋషికొండ కూడా రాకముందే నిద్రపోయారు. సరేనండీ, రూమ్ వంటగదిలో ఏమేం వండానో అది వేరే వీడియోలో చెప్తాను, ఉంటాను మరి.