దొంగని కొట్టి చంపితే చట్టం ఏమంటుంది?

(దృశ్యం: ముత్తుకూరు వైపు రొయ్యల గుంటలు. అర్ధరాత్రి. గట్టు మీద ఒక్క బల్బు, ఏరేటర్ల చప్పుడు.)

నమస్కారమండీ. మా నెల్లూరు గుంటల దగ్గర కాపలా కాసే అన్నలందరికీ ఒకే టెన్షన్. దొంగ వస్తే కొట్టొచ్చా? కొడితే చచ్చిపోతే?

2024 జులై 1 నుంచి ఐపీసీ స్థానంలో భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆత్మరక్షణ హక్కు అందులో 34 నుంచి 44 సెక్షన్ల దాకా ఉంది. మనిషి ప్రాణం పోయినా నేరం కాని సందర్భాలు 38లో ఉన్నాయి: చంపేస్తాడనో, తీవ్రంగా గాయపరుస్తాడనో సహేతుకమైన భయం, అత్యాచారం, కిడ్నాప్, యాసిడ్ దాడి లాంటివి. యాసిడ్ దాడిని 2013లోనే పాత ఐపీసీలో చేర్చారు.

(దృశ్యం: గట్టు మీద విప్పేసిన మోటారు.)

మరి ఆస్తి? ఒకడు మోటారు విప్పుకుపోతున్నాడు, చేతిలో ఏమీ లేదు. అది ఉత్త దొంగతనం. అడ్డుకోండి, పట్టుకోండి, ప్రాణం మాత్రం తీయకూడదు. అదే మనిషి కత్తి దూసి మీదికొస్తే లెక్క మారిపోతుంది. ఆ కంగారులో దెబ్బ ఎంత గట్టిగా పడిందో కోర్టులు బంగారం తూచినట్టు తూచవు. కానీ కత్తి పారేసి పరిగెడుతున్నవాణ్ణి తరిమి తల పగలగొడితే అది ఆత్మరక్షణ కాదు, ఆ భయం అప్పటికే పోయింది.

ఆత్మరక్షణ అని చూపించాల్సింది మీరే. అయితే పోలీసులు నేరం రుజువు చేసినంత గట్టిగా అక్కర్లేదు, అలా జరిగి ఉండటానికే అవకాశం ఎక్కువని కోర్టుకు అనిపిస్తే చాలు. అందుకే దాచకుండా వెంటనే 112కి ఫోన్ చేయండి.

(దృశ్యం: గుంట చుట్టూ ఇనుప తీగ.)

నాకు అన్నిటికన్నా భయం ఈ తీగంటేనే. దొంగలు రాకుండా దీనికి కరెంటు పెట్టేవాళ్లున్నారు. బీహార్‌లో ఒకాయన, పక్కింటివాళ్లు తన మరుగుదొడ్డి వాడుతున్నారని దారిలో కరెంటు తీగ కట్టాడు. ఒక ఆడమనిషి అది తగిలి చనిపోయింది. చెప్పకుండా లోపలికొచ్చింది కదా, నాది ఆత్మరక్షణే అని వాదించాడు. 1963లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు, శిక్ష ఖాయం చేసింది. వచ్చినవాడి చేతిలో కత్తి ఉందో లేదో చూసి ఆగడానికి తీగకి కళ్లు లేవు. తప్పిపోయిన బర్రెని వెతుక్కుంటూ వచ్చిన పిల్లాడైనా దానికి ఒకటే.

మీ గట్టు మీద అలాంటి తీగ ఉంటే ఈ వీడియో ఇక్కడే ఆపి, ముందు వెళ్లి ఫ్యూజు పీకేయండన్నా.