చర్చ: నలభై దాటాక మళ్లీ చదువు... కొత్త ఉద్యోగమా, ఉత్త సర్టిఫికెటా?

యాంకర్: నమస్కారం. ఫోన్ తెరిస్తే చాలు, ‘ఆరు నెలల కోర్సు, ఆపైన కొత్త కెరీర్’ అంటూ ప్రకటనలు. చేరినవాళ్లలో కొందరు మోసం అంటున్నారు, కొందరు బతుకు మారిందంటున్నారు. ఇవాళ మనతో ఒక ప్రొఫెసర్, కంపెనీలకు ఉద్యోగులను ఎంపిక చేసే రిక్రూటర్, ఒక ఆర్థిక సలహాదారు ఉన్నారు. ముగ్గురికీ సమాన సమయం. ప్రొఫెసర్ గారూ, సూటిగా అడుగుతున్నాను. నలభై దాటాక చదువు బుర్రకెక్కుతుందా?

ప్రొఫెసర్: ఎక్కుతుందండి, ఎక్కే తీరు మారుతుంది. కొత్త విషయాన్ని గబుక్కున పట్టుకునే వేగం వయసుతో తగ్గుతుంది. పోగుచేసుకున్న జ్ఞానం, పదసంపద మాత్రం చాలాకాలం నిలుస్తాయి. మనస్తత్వవేత్త రేమండ్ కాటెల్ ఈ రెండింటినీ విడివిడిగా చూడమన్నారు. అందుకే పరీక్ష ముందు రాత్రంతా కూర్చోవడం ఈ వయసులో కుదరదు. ఆదివారం ఒకేసారి నాలుగు గంటలు చదివేకంటే, నాలుగు రోజులు గంట చొప్పున చదివి, పుస్తకం మూసి గుర్తు తెచ్చుకుంటే...

రిక్రూటర్: మేడమ్, ఒక్క మాట...

ప్రొఫెసర్: పూర్తి చేయనివ్వండి. జ్ఞాపకశక్తి మీద ప్రయోగాలు చేసిన ఎబింగ్‌హాస్ 1885లోనే...

రిక్రూటర్: 1885 తర్వాత చూద్దాం మేడమ్. ఇబ్బంది బుర్రది కాదు, వరసది. ముందు కోర్సులో చేరి, ఆ తర్వాత ఉద్యోగం వెతుకుతున్నారు. తిరగేయండి! మీకు కావాల్సిన పనికి ఇరవై ముప్పై ఉద్యోగ ప్రకటనలు తీసి ఒక పట్టిక గీయండి. డిగ్రీ తప్పనిసరి అన్నవి ఎన్ని? లైసెన్స్ అడిగినవి ఎన్ని? ఏ సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు కనబడింది? సగం ప్రకటనలు అడిగేదాన్ని నేర్పని కోర్సుకు ఫీజు కట్టొద్దు. తర్వాత ఆ పని చేస్తున్న ముగ్గురిని పట్టుకుని, రోజులో ఎక్కువసేపు ఏం చేస్తారో అడగండి. డేటా అనలిస్ట్ అంటే రంగుల చార్టులు అనుకుంటారు. తేదీలు తప్పుగా పడిన పట్టికలు, రెండేసిసార్లు ఎక్కిన పేర్లు సరిచేయడానికే బోలెడు సమయం పోతుంది. ఆ పని విసుగనిపిస్తే కోర్సు ఎంత గొప్పదైనా దండగే.

యాంకర్: కానీ వయసు సంగతి? పక్కన ఇరవై రెండేళ్ల కుర్రాడుంటే...

రిక్రూటర్: కుర్రాడితో కుర్రాడి ఆట ఆడితే ఓడిపోతారు. పాత రంగాన్ని వెంట తెచ్చుకోవాలి. పదిహేనేళ్లు అకౌంట్స్ చూసినవాళ్లు డేటాలోకి వస్తే ఫైనాన్స్ డేటాకే రావాలి. నర్సు సాఫ్ట్‌వేర్ వైపు వస్తే ఆసుపత్రి రికార్డుల సాఫ్ట్‌వేర్‌కే రావాలి. పని చూపించండి, పత్రం కాదు!

ఆర్థిక సలహాదారు: గంటల లెక్క ఎవరూ చెప్పడం లేదు. యూరప్ క్రెడిట్ పద్ధతిలో ఏడాది పూర్తికాల చదువంటే 60 క్రెడిట్లు. ఒక్కో క్రెడిట్ అంటే 25 నుంచి 30 గంటల చదువు. తక్కువలో తక్కువ 1,500 గంటలు. ఉద్యోగం చేస్తూ వారానికి పది గంటలు తీయగలిగితే 150 వారాలు, అంటే దాదాపు మూడేళ్లు. అదే పది గంటలతో ఆరు నెలలంటే 260 గంటలే. ప్రకటనలో చెప్పేదానికీ చేతికొచ్చేదానికీ తేడా అక్కడే...

రిక్రూటర్: అదే కదా నేను చెప్పేది! డిగ్రీకి అంత సమయం ఎవరి దగ్గరుంది?

ఆర్థిక సలహాదారు: నేను డిగ్రీ వద్దనలేదండి...

(ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు)

ప్రొఫెసర్: అందరికీ డిగ్రీ వద్దని చెప్పడం ప్రమాదం. నర్సింగ్, న్యాయవాద వృత్తి లాంటివాటికి దగ్గరదారి లేదు. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో జనరల్ నర్సు శిక్షణ కనీసం 4,600 గంటలు, అందులో సగమైనా రోగుల దగ్గర నేర్చుకోవాలి. సాయంత్రం క్లాసులే అనుకుని చేరినవాళ్లకు క్లినికల్ డ్యూటీలు పడగానే ఉద్యోగమో చదువో ఒకటి వదలాల్సి వస్తుంది. డ్యూటీలు ఎప్పుడు పడతాయి, చోటు సంస్థ చూపిస్తుందా, మనమే వెతుక్కోవాలా? ఇవి చేరకముందే రాతపూర్వకంగా అడగాలి. కోర్సుకు గుర్తింపు ఉందో లేదో లైసెన్స్ ఇచ్చే మండలి జాబితాలో చూసుకోవాలి. బ్రోచర్ మాట నమ్మకూడదు.

రిక్రూటర్: లైసెన్స్ పనులు ఒప్పుకుంటాను. మిగతావాటిలో అసలు దగా ప్లేస్‌మెంట్ శాతంలో ఉంది. వందమంది చేరారనుకోండి. అరవై మంది పూర్తి చేశారు. వాళ్లలో నలభై మందినే ‘ఉద్యోగం వెతుకుతున్నవాళ్లు’గా లెక్కేశారు. ముప్పై రెండుమందికి ఉద్యోగం వచ్చింది. బ్రోచర్ మీద 80 శాతం! చేరినవాళ్లలో చూస్తే 32. ఆ ముప్పై రెండులో ఇంటర్న్‌షిప్‌లెన్నో, ఆ సంస్థే ట్యూటర్లుగా పెట్టుకున్నవాళ్లెందరో అడగండి. ‘గ్యారంటీ’ ఒప్పందంలో వారానికి ఇన్ని దరఖాస్తులు పంపాలనే షరతు ఉంటే, ఒక్క వారం తప్పినా ఫీజు వాపసు అడిగే హక్కు పోవచ్చు.

యాంకర్: ఏఐ వచ్చాక ఇవన్నీ ఉంటాయా?

రిక్రూటర్: మంచి ప్రశ్న. కోడ్ రాసిపెట్టే పనిముట్లు వచ్చాయి కాబట్టి, రాసింది తప్పో ఒప్పో పట్టుకునేవాళ్లు కావాలి...

ఆర్థిక సలహాదారు: దారి తప్పుతున్నాం. ఫీజొక్కటే ఖర్చు కాదు. పని గంటలు తగ్గించుకుంటే పోయే జీతం, కోర్సు ముగిశాక మొదటి జీతం వచ్చేదాకా గడపాల్సిన నెలలు...

యాంకర్: ఆ విషయానికి వస్తాను. మళ్లీ నా ప్రశ్నకే వస్తున్నాను, మేడమ్. నలభై సరే, యాభై అయితే?

ప్రొఫెసర్: వయసు కన్నా తీరిక ముఖ్యమండి. బ్రిటన్‌లో ఓపెన్ యూనివర్సిటీ 1969లో పుట్టింది, 1971లో తొలి విద్యార్థులు చదువు మొదలుపెట్టారు. పాత మార్కులు అడగకుండా చేర్చుకోవడమే దాని పద్ధతి. అసలు అడగాల్సింది, చేసిన పనికి క్రెడిట్లు ఇస్తారా అని. కొన్ని సంస్థలు పాత అనుభవాన్ని లెక్కగట్టి కొన్ని సబ్జెక్టులు మినహాయిస్తాయి. దానికి ఉద్యోగ వివరాల పత్రం, చేసిన పని నమూనాలు...

రిక్రూటర్: నమూనాలు! నేను మొదటినుంచీ అంటున్నది అదే.

యాంకర్: సమయం అయిపోతోంది. సర్, చూసేవాళ్లు రేపు పొద్దున ఏం చేయాలి? అర నిమిషంలో.

రిక్రూటర్: రాజీనామా చేయొద్దు. ముందు నాలుగు వారాలు ఏ గంట ఎటు పోతోందో రాసుకోండి. వారానికి ఎనిమిది గంటలు తేలకపోతే పెద్ద కోర్సులో చేరొద్దు. తేలితే ఒక్క మాడ్యూల్, అంటే కోర్సులో ఒక్క భాగం చేయండి, మొత్తం ఫీజు ఒకేసారి కట్టొద్దు. ఎన్నో రోజు దాకా మానేస్తే ఎంత వాపసు ఇస్తారో చదివి సంతకం పెట్టండి. ఆ మాడ్యూల్‌లో నేర్చుకున్నదాంతో మీ ఇప్పటి ఉద్యోగంలోనే ఒక చిన్న పని చేసి చూపించండి. డిగ్రీ ఆ తర్వాత...

ప్రొఫెసర్: లైసెన్స్ కావాల్సినవాళ్లకు ఇది వర్తించదు, ఆ ఒక్క మాటైనా...

ఆర్థిక సలహాదారు: ఖర్చుల సంగతికి వస్తామన్నారు...

యాంకర్: క్షమించాలి, విరామం తీసుకోక తప్పదు. సార్ చెప్పిన ఆ ప్రకటనల పట్టిక ఎలా గీయాలో విరామం తర్వాత ఆయనతోనే గీయించి చూద్దాం.