రిజిస్టర్ కాదు, జవాబులు చూద్దాం

స్కూల్ కాంప్లెక్స్ (దగ్గరదగ్గర బళ్ళ సముదాయం) హెడ్మాస్టర్లకు, రిసోర్స్ పర్సన్లకు నమస్కారం.

నిరంతర సమగ్ర మూల్యాంకనం, అంటే పిల్లలు ఎలా నేర్చుకుంటున్నారో ఏడాది పొడుగునా అన్నివైపులా గమనించడం గురించి మీకు మళ్ళీ పాఠం చెప్పను. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్‌లోనే ఆ మాట ఉంది, శిక్షణలూ బోలెడయ్యాయి. అయినా చాలా బళ్ళలో జరిగేదేమిటి? ఎఫ్.ఏ. (ఫార్మేటివ్ అసెస్‌మెంట్, అంటే పాఠాలు సాగుతుండగా చేసే మూల్యాంకనం) గడువు దగ్గరపడగానే ప్రాజెక్టుకిన్ని, రాత పనికిన్ని అంటూ మార్కులు రిజిస్టర్‌కెక్కుతాయి. ప్రాజెక్టు చూస్తే షాపులో కొన్న చార్టు! టీచర్లను అని లాభం లేదు. తనిఖీకి వెళ్ళి మనం అడిగేది రిజిస్టరే కదా.

'సాంద్రీకరణం అంటే ఏమిటి?' అంటే ఆరో తరగతి పిల్లలు 'ఆవిరి చల్లబడి నీరుగా మారడం' అని గుక్కతిప్పుకోకుండా అప్పజెబుతారు. వాళ్ళ ముందే స్టీలు గ్లాసులో ఐసు నీళ్ళు పెట్టండి. బయట చెమ్మ పట్టాక 'ఈ నీళ్ళెక్కడివి?' అనండి. 'లోపలివే కారాయి సార్', 'గ్లాసుకు చెమట పట్టింది' లాంటి జవాబులొస్తాయి. 'తప్పు, కూర్చో' అంటే అంతటితో సరి. అలా కాకుండా, 'నీళ్ళలో రంగు కలిపితే బయటి చుక్కలకూ రంగొస్తుందా?' అని అడిగి, ముందు ఊహించనిచ్చి, తర్వాత తెల్లగుడ్డతో తుడిపించండి. గుడ్డకు రంగంటదు. అయినా ఒకడు 'రంగు లోపలే ఆగింది, నీళ్ళే వచ్చాయి' అనవచ్చు. నన్నడిగితే వాడే బాగా ఆలోచిస్తున్నాడు. మామూలు నీళ్ళ గ్లాసు పక్కన పెట్టి, 'మరి దీన్లోంచి ఎందుకు రాలేదు?' అనాలి. ఎవరేమన్నారో టీచరు రెండు ముక్కలు రాసుకుంటే అదే మూల్యాంకనం. రేపటి పాఠం ఎక్కడ మొదలెట్టాలో అందులోనే తెలుస్తుంది.

మార్కు వేసి, పక్కన వ్యాఖ్య కూడా రాస్తే చాలదా అంటారేమో. 1988లో విద్యా పరిశోధకురాలు రూత్ బట్లర్ ప్రచురించిన అధ్యయనంలో వ్యాఖ్య మాత్రమే అందుకున్న పిల్లలు మెరుగయ్యారు. మార్కూ వ్యాఖ్యా కలిపి ఇచ్చినచోట ఆ ఫలితం రాలేదు.

మధ్యప్రదేశ్‌లో 1972లో మొదలైన హోషంగాబాద్ విజ్ఞాన బోధన కార్యక్రమంలో పిల్లలు పుస్తకం తెరిచి పరీక్ష రాసేవారు, ప్రయోగ పరీక్ష కూడా ఉండేది. అది 2002లో ఆగిపోయింది. కానీ అందులో మనకు పనికొచ్చేది ఇంకొకటుంది: టీచర్లు నెలనెలా కలుసుకుని తరగతిలో ఎదురైనవి మాట్లాడుకునేవారు.

మన కాంప్లెక్స్ సమావేశాల్లో సగం టైము సర్క్యులర్లకే పోతోంది. వచ్చే నెల ఒక గంట తీసిపెడదాం. అందరూ ఒకే ప్రశ్న అడిగి, పిల్లల జవాబులు యథాతథంగా తెస్తారు. కలిసి చదువుదాం, మార్కులు వద్దు. ఆ నెల తనిఖీలో ఎవరి రిజిస్టరూ అడగబోమని మనం ముందే చెప్పాలి. ఏ కాంప్లెక్స్‌తో మొదలెడదామో టీ తాగాక తేల్చుకుందాం.