ఆపరేషన్ తేదీకి ముందే కాలికి పని

శ్రోతలకు నమస్కారం. మోకాలి మార్పిడికి తేదీ ఖాయం కాగానే చాలామంది, "ఎలాగూ కొత్త కీలు వేస్తారు కదా, అప్పటిదాకా కాలికి విశ్రాంతి ఇద్దాం" అని కుర్చీకి అతుక్కుపోతారు. ఫిజియోథెరపిస్టుగా నన్ను అన్నిటికంటే బాధపెట్టే మాట అదే.

సర్జన్ మార్చేది అరిగిపోయిన ఎముక అంచులను. కొత్త కీలును నడిపించాల్సిన కండరం మాత్రం మీ పాతదే. మోకాలు నొప్పిగా, వాపుగా ఉన్నంతకాలం తొడ ముందువైపు పెద్ద కండరం సరిగ్గా బిగుసుకోదు. ఏళ్లు గడిచేకొద్దీ సన్నబడిపోతుంది. పైగా ఆపరేషన్ తరువాత మొదటి నెలలో దాని బలం దాదాపు సగం పడిపోతుంది. ముందే చిక్కిపోయిన కండరంలో సగం పోతే, మంచం దిగడానికి మిగిలేదెంత?

అందుకే నాలుగు నుంచి ఎనిమిది వారాల ముందే మొదలుపెట్టమంటాను. పడుకుని వింటున్నవారు ఇప్పుడే చేసి చూడండి. కాలు చాపి, మోకాలి కింద చుట్టిన తువ్వాలు పెట్టి, దాన్ని మోకాలితో కిందికి నొక్కండి. తొడ గట్టిపడిందా? 5 సెకన్లు అలాగే పట్టి వదలండి. 10 సార్లు చేయండి. ఊపిరి మాత్రం బిగబట్టకండి. తరువాత మడమను పరుపు మీదే జరుపుతూ మోకాలు వంచండి, చాపండి. చేతులున్న కుర్చీలోంచి లేచి, మళ్లీ మెల్లగా కూర్చోవడం కూడా మంచి వ్యాయామం. కూర్చునేటప్పుడు ధబాలున పడిపోకూడదు, కండరానికి అసలు పని అక్కడే. తుంటి మార్పిడికి వెళ్లేవారు వీటితోపాటు గట్టి ఆధారం పట్టుకుని నిలబడి కాలు పక్కకు ఎత్తడం చేయాలి.

ఒక్కటి మాత్రం మానుకోండి: రాత్రంతా మోకాలి కింద దిండు. హాయిగానే ఉంటుంది, కానీ మోకాలు వంగినట్టే బిగుసుకుపోతుంది. అలా బిగుసుకున్న కాలు ఆపరేషన్ తరువాత కూడా నిటారుగా చాపుకోవడానికి మొండికేస్తుంది.

వాకర్ నడకా ముందే నేర్చుకోండి. మత్తు దిగీ దిగని తలతో కొత్త విద్య అబ్బదు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు.

ఇంత చేసినా ఏడాది తరువాత చూస్తే, చేసినవారికీ చేయనివారికీ పెద్ద తేడా కనిపించకపోవచ్చు. తేడా తెలిసేది తొలి వారాల్లో, ఒకరి సాయం లేకుండా మరుగుదొడ్డికి వెళ్లగలిగిన రోజున. ఆ రోజు ఎంత తొందరగా వస్తే మనిషి అంత ధైర్యం తెచ్చుకుంటాడు. నేను అది కళ్లారా చూశాను.

వ్యాయామం తరువాత కాస్త నొప్పి రావడం సహజం. మర్నాటికి తగ్గితే భయం లేదు, తగ్గకపోతే సగమే చేయండి. గుండెజబ్బు, రక్తపోటు ఉన్నవారు డాక్టరును అడిగాకే మొదలుపెట్టండి. పిక్క వాచి నొప్పి పుట్టినా, ఛాతీలో పట్టేసినా వెంటనే ఆపి ఆస్పత్రికి వెళ్లండి.

సెలవు.